ఆసియాలో పెద్ద ఫండ్లు వాతావరణ మార్పును వదిలేశాయా? సింగ్‌నగర్ నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

అడిగింది క్లుప్తంగా ఇది: "మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు వరదలో ఇంటి కింది భాగం మొత్తం మునిగింది. నాకు పీఎఫ్, ఎన్‌పీఎస్ ఉన్నాయి, రెండు మ్యూచువల్ ఫండ్లలో సిప్ కడుతున్నాను. అమెరికా బ్యాంకుల తర్వాత జపాన్ బ్యాంకులు కూడా వాతావరణ కూటముల నుంచి బయటికి వచ్చేశాయని చదివాను. అంటే ఆసియాలో పెద్ద ఫండ్లు ఈ విషయాన్ని వదిలేసినట్టేనా? ఇందులో నా డబ్బు ఎక్కడుంది?"

వదిలేయలేదండి. అయితే ఈ పనిలో రెండు భాగాలున్నాయి. బొగ్గుకు వెళ్లే డబ్బు తగ్గించి సౌర, పవన విద్యుత్తుకు మళ్లించడం ఒకటి. వరద, ఎండ, తుపానుల వల్ల తాము డబ్బు పెట్టిన చోట ఎంత నష్టం రావచ్చో లెక్కగట్టడం రెండోది. ఆసియాలో మొదటిది సగం దూరం నడిచింది. రెండోది మన దేశంలో ఇంకా గడప దాటలేదు. ఇల్లు మునిగిన మీకు ఆ రెండోదే ముఖ్యం. నేను చాలా ఏళ్లు ఒక బీమా సంస్థ పెట్టుబడుల విభాగంలో బాండ్లు చూసే పని చేశాను, ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్నాను. నాకు బాగా తెలిసిన వైపు నుంచే రాస్తాను.

ముందు మీరు చదివిన వార్త సంగతి. అది నిజమే. 2024 చివర్లో, 2025 మొదట్లో అమెరికా పెద్ద బ్యాంకులు నెట్ జీరో బ్యాంకింగ్ అలయన్స్ (తాము ఇచ్చే అప్పుల వెనకున్న ఉద్గారాలను క్రమంగా తగ్గిస్తామని మాటిచ్చిన బ్యాంకుల కూటమి) నుంచి తప్పుకున్నాయి. 2025 మార్చిలో జపాన్‌కు చెందిన ఎస్‌ఎమ్‌ఎఫ్‌జీ, ఎమ్‌యూఎఫ్‌జీ, నోమురా అదే దారి పట్టాయి. ఆ ఏడాది అక్టోబరులో ఆ కూటమే పని ఆపేసింది. అంతకుముందు 2024 ఫిబ్రవరిలో జేపీ మోర్గాన్ అసెట్ మేనేజ్‌మెంట్ లాంటి సంస్థలు క్లైమేట్ యాక్షన్ 100 ప్లస్ అనే మదుపుదారుల కూటమి నుంచి వెళ్లిపోయాయి. దీనికి ప్రధాన కారణం అమెరికా రాజకీయాలు, అక్కడి కోర్టు కేసుల భయం. అమెరికాలో పెద్ద వ్యాపారం ఉన్న జపాన్ బ్యాంకులకూ ఆ భయం తగిలింది. నా అనుభవంలో ఇలాంటి కూటమిలో పేరు ఉండటం, లేకపోవడం చూసి ఒక సంస్థ గురించి పెద్దగా ఏమీ తెలియదు. ఏ అప్పు ఇవ్వనంది, ఏ అప్పు తిరగరాయనంది, ఏ కంపెనీ మీటింగులో ఎటు ఓటేసింది, ఈ మూడూ చూడాలి.

ఆసియాను యూరప్ కళ్లద్దాలతో చూస్తే ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. అక్కడి పింఛను నిధులు ఒక కంపెనీ నచ్చకపోతే వాటాలు అమ్మి బయటికి వచ్చేస్తాయి, పత్రికలకు ప్రకటన ఇస్తాయి. ఇక్కడ పెద్ద డబ్బు చాలా వరకు ప్రభుత్వాలతో ముడిపడినదే. జపాన్ ప్రభుత్వ పింఛను నిధి జీపీఐఎఫ్, కొరియా జాతీయ పింఛను సంస్థ, సింగపూర్‌లో జీఐసీ, టెమాసెక్, మలేసియాలో ఈపీఎఫ్, మన దగ్గర ఎల్ఐసీ, ఈపీఎఫ్ఓ. ఒక దేశ ప్రభుత్వం బొగ్గు మీద కరెంటు తీస్తున్నంత కాలం, ఆ ప్రభుత్వ నిధి ఆ బొగ్గు కంపెనీ వాటాలు అమ్మేయడం తేలిక కాదు. అందుకే ఇక్కడ కదలిక నెమ్మదిగా, పత్రికా ప్రకటనలు లేకుండా, నిబంధనల రూపంలో వస్తుంది.

జీపీఐఎఫ్ సంగతే తీసుకోండి. 2025 మార్చి నాటికి దాని దగ్గర దాదాపు 250 లక్షల కోట్ల యెన్లు ఉన్నాయి. జపాన్ కంపెనీల వాటాలను నేరుగా ఎంచి కొనే అధికారం దానికి లేదు, బయటి మేనేజర్ల ద్వారానే కొనాలి. జపాన్ మార్కెట్ మొత్తంలో దానికి వాటా ఉన్నట్టే కాబట్టి ఒక కంపెనీ నుంచి పారిపోయి ఇంకో కంపెనీలో దాక్కునే వీలు లేదు. ఒక కంపెనీ పొగ వల్ల ఇంకో కంపెనీకి వచ్చే నష్టం కూడా చివరికి తన ఖాతాలోకే వస్తుంది. అందుకని 2015లో ఐక్యరాజ్యసమితి మద్దతున్న బాధ్యతాయుత పెట్టుబడుల సూత్రాల మీద సంతకం చేసి, 2018లో కార్బన్ తక్కువగా విడిచే కంపెనీలకు ఎక్కువ బరువిచ్చే సూచీని ఎంచుకుని, దాని వెంట డబ్బు పెట్టింది. ఉద్గారాల వివరాలు బయటపెట్టని కంపెనీకి ఆ సూచీలో బరువు తగ్గే ఏర్పాటు ఉంది. ఏ కంపెనీనీ బయటికి నెట్టకుండానే లెక్కలు చెప్పక తప్పని స్థితి తెచ్చింది.

ఓటు కూడా అక్కడ కొంత పనిచేస్తోంది. 2020లో మిజుహో బ్యాంకు వాటాదారుల సమావేశంలో ఒక పర్యావరణ సంస్థ వాతావరణ తీర్మానం పెడితే దాదాపు 34 శాతం ఓట్లు పడ్డాయి. జపాన్‌లో అలాంటి తీర్మానం అదే మొదటిది. తీర్మానం ఓడింది, కానీ మూడో వంతు వాటాదారులు యాజమాన్యానికి ఎదురు నిలబడటం అక్కడ చిన్న విషయం కాదు. మన దేశంలో ఈ దారి చాలా ఇరుకు. ఎన్‌టీపీసీలో కేంద్రానికి 51 శాతం, కోల్ ఇండియాలో 63 శాతం ఉన్నాయి. మిగతా వాటాదారులందరూ ఏకమైనా ఇలాంటి తీర్మానాన్ని గెలిపించలేరు.

కొరియాది నాకు బాధ కలిగించే ఉదాహరణ. జాతీయ పింఛను సంస్థ 2021 మే నెలలో కొత్త బొగ్గు విద్యుత్ కేంద్రాలకు డబ్బు పెట్టబోమని ప్రకటించింది. మరి ఏది 'బొగ్గు కంపెనీ' అన్న నిర్వచనం ఖరారు కావడానికి 2024 డిసెంబరు దాకా పట్టింది. ఆదాయంలో సగం లేదా అంతకన్నా ఎక్కువ బొగ్గు నుంచి వచ్చే కంపెనీలని తేల్చారు. అదీ విదేశీ కంపెనీలకు ముందు, దేశంలోని వాటికి మరికొన్నేళ్ల తర్వాత. ఒక సంస్థ ఎంత గట్టిగా ఉందో తెలుసుకోవాలంటే ప్రకటన తేదీకీ, నిర్వచనం తేదీకీ మధ్య ఎడం చూడండి. ఇంతకన్నా నమ్మదగిన కొలత నాకు ఇంతవరకు దొరకలేదు.

అయినా 2021లో జరిగిన ఒక మార్పును తక్కువ చేయకూడదు. ఆ ఒక్క ఏడాదిలోనే కొరియా, జపాన్, చైనా ప్రభుత్వాలు మూడూ విదేశాల్లో కొత్త బొగ్గు విద్యుత్ కేంద్రాలకు సాయం ఆపుతామన్నాయి. వియత్నాం, ఇండోనేసియా, బంగ్లాదేశ్ లాంటి చోట్ల బొగ్గు ప్లాంట్లకు అప్పులిచ్చింది ప్రధానంగా ఈ మూడు దేశాలే. జపాన్ పెద్ద బ్యాంకులు మూడూ అప్పటికే కొత్త బొగ్గు కేంద్రాలకు ప్రాజెక్టు రుణాలు ఆపే దారిలోకి వచ్చేశాయి. ఆ దేశాల్లో తర్వాత చాలా ప్రాజెక్టులు కాగితం మీదే ఆగిపోయాయి.

ఇక కొత్తగా ఎటు పెడుతున్నారు అన్నదానికి మనం దూరం వెళ్లనక్కరలేదు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో చేపట్టిన ప్రాజెక్టు ఉంది కదా, సౌర, పవన విద్యుత్తుతో పాటు 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ. ఆ గ్రీన్‌కోలో అతిపెద్ద వాటాదారు సింగపూర్ జీఐసీ. అబుదాబీ ప్రభుత్వ నిధికీ అందులో వాటా ఉంది. పగలు సౌర విద్యుత్తుతో నీటిని పైకి ఎత్తి, సాయంత్రం దాన్ని కిందికి వదిలి కరెంటు తీస్తారు. రాయలసీమ ఎండ మీద సింగపూర్ ప్రజల నిధి లాభం చూసుకుంటోంది, ఇందులో తప్పేమీ లేదు. మన పింఛను నిధులు అదే ఎండ మీద ఎందుకు చూసుకోలేకపోతున్నాయి అన్నదే నా ప్రశ్న. జవాబు కొంతవరకు నిబంధనల్లో ఉంది. షేర్ మార్కెట్లో లిస్ట్ కాని కంపెనీ వాటాలు గానీ, మంచి రేటింగ్ లేని బాండ్లు గానీ ఈపీఎఫ్ఓ కొనడం కుదరదు.

టెమాసెక్ చేసే ఒక పని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పెట్టుబడుల కమిటీ గదిలో నిర్ణయం నిజంగా మారేది ఇలాంటి చోటే. టన్ను కార్బన్‌కు ఇంత అని సంస్థ లోపల ఒక ధర పెట్టుకుంటారు. 2021లో అది 42 డాలర్లు, తర్వాత 50కి పెంచారు. ఆ డబ్బు ఎవరికీ చెల్లించరు, లెక్కలో మాత్రం కోస్తారు. ఏడాదికి 10 లక్షల టన్నుల కార్బన్ విడిచే కంపెనీని కొనాలని ఒక అధికారి ఫైలు తెస్తే, టన్నుకు 50 డాలర్ల లెక్కన దాని ఏడాది లాభంలోంచి 5 కోట్ల డాలర్లు తీసేసి అప్పుడు విలువ కట్టమంటారు. ఆ తర్వాత కూడా లాభం కనిపిస్తే కొంటారు. నీతి గురించి చర్చ అక్కరలేదు, ఫైలు తనంతట తానే బలహీనపడుతుంది. సింగపూర్‌లో నిజమైన కార్బన్ పన్ను కూడా ఉంది. 2019లో టన్నుకు 5 సింగపూర్ డాలర్లతో మొదలై 2024లో 25కి చేరింది. కాబట్టి ఆ లెక్క ఊహ మాత్రమే కాదు.

ఇప్పుడు మీ డబ్బు. పీఎఫ్‌లో ఎక్కువ భాగం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల బాండ్లలోకి, తర్వాత ప్రభుత్వ రంగ సంస్థల బాండ్లలోకి వెళ్తుంది. కొత్తగా వచ్చే డబ్బులో 15 శాతం మించకుండా షేర్లలోకి, అదీ ఈటీఎఫ్‌ల (ఒక సూచీలోని కంపెనీలన్నింటినీ కలిపి కొనే ఫండ్ల) ద్వారానే. నిఫ్టీ 50లో కోల్ ఇండియా, ఎన్‌టీపీసీ ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల షేర్లే ఉండే సీపీఎస్ఈ ఈటీఎఫ్‌లో అయితే వాటి బరువు ఇంకా ఎక్కువ. అంటే పీఎఫ్ ఖాతా ఉన్న ప్రతి ఒక్కరూ చిన్నపాటి బొగ్గు వాటాదారులే.

అంతకన్నా ముఖ్యమైంది బాండ్ల వైపు ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఇబ్రహీంపట్నంలో మన థర్మల్ స్టేషన్ ఉంది కదా, ఎనిమిదో యూనిట్‌తో కలిపి 2,560 మెగావాట్లు. అది రాష్ట్ర ప్రభుత్వ విద్యుదుత్పత్తి సంస్థ ఏపీ జెన్‌కోది, ఆ సంస్థ షేర్ మార్కెట్లో లేదు. ఏ ఫండ్ అయినా దాని సమావేశానికి వెళ్లి ఓటేయడం కుదరదు. కానీ రాష్ట్రాల జెన్‌కోలకు పెద్ద ఎత్తున అప్పులిచ్చేవి పీఎఫ్‌సీ, ఆర్ఈసీ అనే ప్రభుత్వ రంగ రుణ సంస్థలు. అవి ఆ డబ్బు తెచ్చుకునేది బాండ్లు అమ్మి. ఆ బాండ్లు కొనేది బీమా సంస్థలు, పీఎఫ్ ట్రస్టులు, పింఛను నిధులు. బొగ్గుకు డబ్బు ఎక్కువగా వెళ్లేది ఇలాంటి అప్పుల దారిలోనే, షేర్ల దారిలో కాదు. బాండు పట్టుకున్నవాడికి ఓటు ఉండదు. కానీ బాండు గడువు తీరిన రోజు అప్పు తీసుకున్నవాడు మళ్లీ అతని గుమ్మం దగ్గరికే రావాలి. ఆ రోజు "ఈ డబ్బులో ఎంత కొత్త బొగ్గుకు పోతుంది? ఎన్నేళ్లకు?" అని అడిగితే జవాబు చెప్పక తప్పదు. మన దగ్గర ఆ ప్రశ్న దాదాపు ఎవరూ అడగరు. ట్రిపుల్ ఏ రేటింగ్, వడ్డీ ఎంత, అంతే.

ఈపీఎఫ్ఓ రేపే కోల్ ఇండియాను అమ్మేయాలని నేను అనను. అమ్మితే ఇంకొకరు కొంటారు, మే నెలలో విజయవాడలో కరెంటు మాత్రం కావాల్సిందే. కానీ 2031-32 నాటికి దేశంలో మరో 80 గిగావాట్ల బొగ్గు విద్యుత్తు కలపాలన్న ప్రణాళిక ఉన్నప్పుడు, అలాంటి కొత్త ప్లాంటు పాతికేళ్ల తర్వాత కూడా నడిచి అప్పు తీరుస్తుందా అన్నది అప్పిచ్చేవాడు అడగాల్సిన మామూలు ప్రశ్న. మీ రిటైర్మెంట్ డబ్బు అందులో ఉంది కాబట్టి మీ తరఫున అడగాల్సిన ప్రశ్న.

ఇక ముంపు సంగతి. ఆసియాలో పెద్ద సంస్థలకు ఈ పాఠం చెప్పింది 2011 థాయ్‌లాండ్ వరద. అయుత్తయ, పథుమ్ థానీ ప్రాంతాల్లో పారిశ్రామిక వాడలు వారాల తరబడి నీళ్లలో ఉన్నాయి. హోండా కార్ల ఫ్యాక్టరీ, వెస్టర్న్ డిజిటల్ హార్డ్ డిస్క్ ఫ్యాక్టరీ మునిగాయి. మొత్తం నష్టం సుమారు 4,600 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా. ఆ ఫ్యాక్టరీలకు బీమా ఇచ్చిన జపాన్ కంపెనీలు గట్టి దెబ్బ తిన్నాయి. అంతవరకు వాళ్ల లెక్కల్లో భూకంపం, తుపాను ఉన్నాయి, చదునైన నేల మీద నెమ్మదిగా పెరిగే నీళ్లు లేవు. ఆ తర్వాత అక్కడ వరద బీమాకు పరిమితులు పెట్టేశారు.

జపాన్ లోపల ఏం చేశారో చూడండి, ఎందుకంటే ఇది ఏదో ఒక రోజు సింగ్‌నగర్‌కూ వస్తుంది. అక్కడ ఇళ్లకు ఒకప్పుడు 36 ఏళ్లకు ఒకేసారి బీమా ఇచ్చేవారు. 2015లో దాన్ని గరిష్ఠంగా 10 ఏళ్లు చేశారు, 2022 అక్టోబరులో 5 ఏళ్లు. ఐదేళ్లకు మించి వానల గురించి మాట ఇవ్వలేమని బీమా కంపెనీలే ఒప్పుకున్నట్టు. 2024 అక్టోబరు నుంచి వరద ప్రీమియాన్ని ప్రాంతాన్ని బట్టి ఐదు తరగతులుగా విడగొట్టారు. ముంపు తక్కువ ఉన్న చోట తక్కువ, ఎక్కువ ఉన్న చోట ఎక్కువ. ఈ బీమా కంపెనీలే మరోవైపు పెద్ద మదుపుదారులు కూడా. ఇంటి బీమా రాసే విభాగానికి ఏ వీధిలో నీళ్లు వస్తాయో తెలిశాక, బాండ్లు కొనే విభాగం తెలియనట్టు ఉండలేదు.

మన దగ్గర ఆ రెండు విభాగాల మధ్య మాటలే లేవు. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెద్ద లిస్టెడ్ కంపెనీలు వెయ్యింటికి బీఆర్ఎస్ఆర్ అనే పర్యావరణ, సామాజిక బాధ్యతల నివేదిక తప్పనిసరి చేసింది, మంచి పని. రిజర్వు బ్యాంకు 2024 ఫిబ్రవరిలో బ్యాంకులు వాతావరణ రిస్కు వెల్లడించాలని ముసాయిదా తెచ్చింది. కానీ నేను చదివిన నివేదికల్లో ఉద్గారాల పట్టిక ఉంటుంది గానీ, ఫ్యాక్టరీ పక్కన వాగు ఎంత ఎత్తున పారుతుందో ఉండదు. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీకి అప్పిచ్చేటప్పుడు భవనం విలువ, నిల్వ ఉన్న టిక్కీలు (బస్తాలు), యజమాని పాత ఖాతా అన్నీ చూస్తారు. వేసవి రెండు డిగ్రీలు పెరిగితే కరెంటు బిల్లు ఎంతవుతుందని అడిగిన ఫైలు నా కంట పడలేదు.

ఇంకో ఉదాహరణ చెబుతాను. 2018 ఆగస్టులో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ అమరావతి బాండ్లు 2,000 కోట్లకు, 10.32 శాతం వడ్డీకి జారీ చేసి బీఎస్ఈలో లిస్ట్ చేసింది. కొనడానికి సంస్థలు పోటీ పడ్డాయి. రాష్ట్ర ప్రభుత్వ గ్యారంటీ ఉంది కాబట్టి అందరూ చూసింది ఆ గ్యారంటీనే. ఆ ప్రాంతంలో కొండవీటి వాగు ఉంది, దాని నీటిని కృష్ణలోకి తోడటానికే ఉండవల్లి దగ్గర ఎత్తిపోతల కట్టాల్సి వచ్చింది. రాజధాని మంచిదా కాదా అన్న వాదనలోకి నేను వెళ్లడం లేదు. గ్యారంటీ ఉన్న చోట వాగు గురించి ఎవరూ అడగరు అన్నదే నేను చెప్పేది. ఇదే ధోరణి ఆసియా అంతటా ఉంది. ప్రభుత్వ హామీ వెనక వరద కనిపించకుండా పోతుంది, చివరికి ఆ నష్టం ఖజానా మీద, అంటే మన మీదే పడుతుంది.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది. కృష్ణలంకను రిటైనింగ్ వాల్ కాపాడింది. అటు బుడమేరు డైవర్షన్ చానల్‌కు గండ్లు పడి మీ వైపు మునిగింది. ఒకే నగరం, ఒకే వారం. గోడ ఉన్న చోట జనం ఇళ్లలో ఉన్నారు, గట్టు తెగిన చోట మేడల మీద భోజనం పొట్లాల కోసం ఎదురుచూశారు. వరద రక్షణ మీద పెట్టే డబ్బుకు ఇంతకన్నా రుజువు ఎవరికి కావాలి? కానీ గోడకు టోల్ వసూలు చేయలేం. సౌర విద్యుత్తు అమ్ముకోవచ్చు, రాని వరదను అమ్ముకోలేం. అందుకే జీఐసీ లాంటివి పిన్నాపురం వస్తాయి, బుడమేరు గట్టుకు రావు.

ఆ డబ్బు ప్రభుత్వ బాండ్ల ద్వారానే రావాలి. కేంద్రం 2023 జనవరిలో మొదటి సార్వభౌమ గ్రీన్ బాండ్లు (వచ్చిన డబ్బును పర్యావరణ పనులకే ఖర్చు చేసే ప్రభుత్వ బాండ్లు) 8,000 కోట్లకు వేలం వేసింది. ఆ చట్రంలో వాతావరణ మార్పుకు తట్టుకునే పనులకూ చోటుంది. మొదటి వేలంలో మామూలు బాండ్ల కన్నా కాస్త తక్కువ వడ్డీకే కొన్నారు, తర్వాతి వేలాల్లో ఆ ఉత్సాహం కనిపించలేదు. కారణం తెలుసుకోవడం కష్టం కాదు. 2024-25కు 8.25 శాతం వడ్డీ ప్రకటించిన ఈపీఎఫ్ఓ తక్కువ వడ్డీ బాండు ఎందుకు కొంటుంది? చట్టం అడిగితే తప్ప కొనదు. టోక్యో మహానగర ప్రభుత్వం 2025లో నదుల వరద అదుపు, తీర రక్షణ లాంటి పనుల కోసమే ప్రత్యేకంగా బాండ్లు అమ్మింది. మన రాష్ట్రంలో ఏదైనా నగరం ఆ దారి తొక్కితే, దాన్ని కొనమని మన బీమా, పింఛను సంస్థలను నియంత్రణ సంస్థలు ప్రోత్సహించాలి. ఈ విషయంలో నేను చాలా గట్టిగా ఉన్నాను.

మీరు చేయగలిగినవి. పీఎఫ్‌లో ఎంపిక లేదు. ఎన్‌పీఎస్‌లో ఫండ్ మేనేజర్‌ను మీరే ఎంచుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, పాలన చూసి కంపెనీలను ఎంచుతామనే) పేరున్న మ్యూచువల్ ఫండ్‌లోకి మారాలా అంటే, ముందు దాని మొదటి పది కంపెనీలు చూడండి. ఎక్కువగా బ్యాంకులు, ఐటీ కంపెనీలే కనిపిస్తాయి. వాటిని కొన్నందువల్ల బొగ్గు మీద గానీ బుడమేరు మీద గానీ పడే ప్రభావం తక్కువ. ఇంటికి మాత్రం ఈ వారమే భారత్ గృహ రక్ష పాలసీ తీసుకోండి. 2021 ఏప్రిల్ నుంచి ఉన్న ప్రామాణిక పాలసీ ఇది, వరద నష్టం అందులో వస్తుంది. హోమ్ లోన్‌తో పాటు 'ఇన్సూరెన్స్' తీసుకున్నానని ఊరుకోకండి, చాలాసార్లు అది లైఫ్ కవర్ మాత్రమే.

చివరిగా, మీ రెండు మ్యూచువల్ ఫండ్ల వెబ్‌సైట్లలో ఓటింగ్ వివరాల ఫైలు ఉంటుంది. సెబీ నిబంధన ప్రకారం ప్రతి తీర్మానం మీదా ఓటేయాలి, కారణం రాయాలి. అందులో ఎన్‌టీపీసీ, కోల్ ఇండియా, పీఎఫ్‌సీ, ఆర్ఈసీ వరుసలు తీసి కారణాల గడి చదవండి. అన్ని వరుసల్లో ఒకే వాక్యం కాపీ చేసి ఉంటే, ఆ ఫండ్ హౌస్‌కు మీ ఫోలియో నంబరుతో ఒక ఈమెయిల్ పెట్టండి: "ఈ కంపెనీలను కొత్త బొగ్గు రుణాల గురించి, ముంపు ప్రాంతాల్లో ఉన్న ఆస్తుల గురించి ఎప్పుడైనా అడిగారా? అడిగితే ఏం చెప్పారు?" మదుపుదారుల తరఫున ఫండ్లు ఎలా నడుచుకోవాలో చెప్పే సెబీ స్టీవార్డ్‌షిప్ కోడ్ కింద కంపెనీలతో తాము చేసిన చర్చలను వాళ్లు మదుపుదారులకు నివేదించాలి. జవాబు వచ్చాక ఇక్కడ పెట్టండి, దాన్ని ఎలా చదవాలో కలిసి చూద్దాం.